కోపిష్టి దేవుడా, ప్రేమగల దేవుడా? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీలో ఒకరు ఒక ప్రశ్న అడిగారు. "తాతయ్యా, పాత నిబంధనలో దేవుడు కోపిష్టి, కొత్త నిబంధనలో దేవుడు ప్రేమ. ఇద్దరూ ఒకరేనా?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేసే సంగతి కాదు గనుక ఉత్తరం రాస్తానన్నాను. ముందుగా ఒక మాట. ఇలాంటివి అడిగితే విశ్వాసం పోతుందని ఎవరైనా భయపెడితే భయపడకండి. ఇది మీ తరంలో పుట్టిన ప్రశ్నేమీ కాదు. రెండో శతాబ్దంలో నల్లసముద్రం ఒడ్డు నుంచి రోముకు వచ్చిన మార్కియన్ అనే ఓడల యజమాని, ఆ దేవుడు వేరు ఈ దేవుడు వేరు అని బోధించాడు. పాత నిబంధన అంతా వదిలేశాడు. లూకా సువార్తనూ పౌలు పత్రికలనూ తనకు సరిపడినంత వరకు కత్తిరించి పెట్టుకున్నాడు. క్రీ.శ. 144లో రోము సంఘం అతణ్ణి వెలివేసింది. అయినా అతని ఆలోచన మాత్రం పోలేదు. ఇవాళ మన మధ్య కూడా చాలామంది పైకి అనకపోయినా బైబిలు అలాగే చదువుతున్నారు. నచ్చిన చోట్లు ఉంచుకుని, ఇబ్బంది పెట్టిన చోట్లు దాటేస్తున్నారు.

కొత్త సంవత్సరం ఆరాధనలో మనం వాగ్దానం కార్డు తీసుకుంటాం. దాన్ని నేను తప్పు పట్టను, నా బైబిల్లోనూ పాత కార్డులున్నాయి. కానీ ఏడాదికొక కార్డూ, రోజుకొక వాట్సాప్ స్టేటస్సూ చూసి దేవుడు ఎలాంటివాడో తెలుసుకోలేం. యిర్మీయా 29:11 మీకందరికీ నోటికి వచ్చు. అవి "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అన్న వచనం. ఆ పైనున్న పదో వచనం ఎంతమందికి గుర్తుంది? బబులోనుకు చెరపట్టబడి పోయిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్లు గడిచాకే మీవాళ్లు తిరిగి వస్తారు, అంతవరకు అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఇంటికి రాకుండానే చనిపోయి ఉంటారు. ఇదంతా చదివాక ఆ వాగ్దానం చిన్నదైపోదు, ఇంకా పెద్దదవుతుంది. తొందరపడని దేవుడు, పరాయి ఊళ్లో కూడా తన ప్రజల్ని విడిచిపెట్టని దేవుడు కనబడతాడు. కార్డు మీద ఆ డెబ్బై ఏళ్లకు చోటు లేదు.

మీ నానమ్మ స్వభావం మీకెలా తెలిసింది? ఆవిడ మంచిదని ఎవరో చెప్తే తెలియలేదు. మీరు గ్లాసు పగలగొట్టినప్పుడు ఏమంది, అప్పు తీసుకున్నావిడ మొహం చాటేస్తే ఏం చేసింది, ఇంట్లో జ్వరమొస్తే రాత్రి ఎలా కూర్చుంది, ఇవన్నీ చూసి తెలుసుకున్నారు. దేవుని సంగతీ అంతే. ఆయన ఏం చేశాడో, ఏ సందర్భంలో చేశాడో, ఎవరితో చేశాడో చూడాలి. అందుకే బైబిల్లో ఇన్ని కథలున్నాయని నా నమ్మకం.

మీకు నేను చూపించాలనుకున్న చోటు నిర్గమకాండము 32 నుంచి 34. ఈ మూడు అధ్యాయాలూ ఒక్కసారిగా, మధ్యలో ఫోన్ చూడకుండా చదవండి. సీనాయి కొండ దగ్గర జనం "యెహోవా చెప్పినవన్నీ చేస్తాం" అని మాట ఇచ్చి నిండా రెండు నెలలు కాలేదు. మోషే నలభై రోజులు కొండ మీదే ఉండిపోయాడు. ఇక రాడేమో అనుకుని చెవిపోగులు తీసి మోషే అన్నయ్య అహరోనుకిచ్చారు, అతను బంగారు దూడను చేశాడు, జనం దాన్నే దేవుడని మొక్కారు. తర్వాత మోషే నిలదీస్తే అహరోను చెప్పిన జవాబు చూడండి. వాళ్లు బంగారం ఇచ్చారు, నేను అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది! దొరికిపోయిన మనిషి ఎలా మాట్లాడతాడో బైబిలు దాచిపెట్టదు. ఆ రోజు దాదాపు మూడువేల మంది చనిపోయారు. ఆ వచనం దగ్గర గుండె బరువెక్కితే బరువెక్కనివ్వండి, త్వరత్వరగా దాటేయకండి.

తర్వాత దేవుడు మోషేతో అంటాడు, నేను ఇస్తానన్న కనాను దేశానికి మీరు వెళ్లండి, నేను మీ మధ్య రాను, మీరు లోబడనొల్లని ప్రజలు, వస్తే దారిలో మిమ్మల్ని నాశనం చేస్తానేమో. ఇది 33:3. మోషే ఒప్పుకోడు. నీవు రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి కదిలించవద్దు అంటాడు. అక్కడితో ఆగకుండా నీ మహిమ నాకు చూపించు అని అడుగుతాడు. దానికి దేవుడిచ్చిన జవాబు, నా మంచితనమంతా నీ ఎదుట దాటిపోయేలా చేస్తాను అని. మహిమ చూపించమంటే మంచితనం చూపిస్తానన్నాడు. ఉరుములూ మెరుపులూ మోషే అప్పటికే చూశాడు. ఇప్పుడు అతన్ని బండ సందులో నిలబెట్టి, చేతితో కప్పి, దాటిపోతూ దేవుడు తన గురించి తానే పలికిన మాటలు 34:6, 7లో ఉన్నాయి. "యెహోవా కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా" అని మొదలవుతుంది. దోషాన్నీ అపరాధాన్నీ పాపాన్నీ క్షమిస్తాడు, కానీ దోషిని నిర్దోషిగా ఎంచనే ఎంచడు అని కూడా ఆ మాటలోనే ఉంది.

నన్నడిగితే ఇంతకంటే అందమైన చోటు దాని కింద, తొమ్మిదో వచనంలో ఉంది. మోషే సాష్టాంగపడి, ప్రభువా, మా మధ్య ఉండి మాతో రా, వీళ్లు లోబడనొల్లని ప్రజలు, మా పాపం క్షమించు అంటాడు. 33:3 మళ్లీ తీసి చూడండి. నేను రాను అనడానికి దేవుడు చెప్పిన కారణమే, నువ్వు రావాలి అనడానికి మోషే చెప్తున్నాడు! మొండి జనం గనుక రాను అన్న దేవుణ్ణి, మొండి జనం గనుకే రమ్మని బతిమాలే ధైర్యం ఎక్కడ నుంచి వచ్చింది? మధ్యలో ఆరో వచనం విన్నాడు గనుక. దేవుడు ఎలాంటివాడో తెలిస్తే ప్రార్థన ఎలా మారిపోతుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అంతేకాదు, దేవుని ఆజ్ఞలు రాసిన రాతి పలకలు పగిలిపోయాయి కదా, మళ్లీ రెండు చెక్కుకుని రమ్మన్నది కూడా దేవుడే.

ఇక ఆరో వచనాన్ని పట్టుకుని బైబిలంతా నడవండి. ఈ మాటను ఇశ్రాయేలీయులు తరతరాలుగా మరచిపోలేదు. సంఖ్యాకాండము 14లో వేగులవాళ్ల మాట విని జనం ఐగుప్తుకు తిరిగి పోదామన్నప్పుడు, మోషే దేవుని మాటనే దేవునికి గుర్తుచేసి క్షమాపణ అడిగాడు. దేవుడు క్షమించాడు. అయినా ఆ తరం కనాను చూడలేదు. క్షమాపణ దొరికింది, చేసిన దాని ఫలితం మాత్రం మిగిలింది. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. 103వ కీర్తనలో ఏడో వచనం మోషే పేరెత్తి, ఎనిమిదిలో "యెహోవా దయాదాక్షిణ్యపూర్ణుడు దీర్ఘశాంతుడు" అంటుంది. దావీదు ఎక్కడి నుంచి పాడుతున్నాడో ఇప్పుడు మీకు తెలిసిపోతుంది. మిడతలు పొలాలు తినేసిన రోజుల్లో యోవేలు (2:13), చెర నుంచి తిరిగొచ్చి తమ చరిత్రంతా ఒప్పుకునేటప్పుడు నెహెమ్యా కాలం వాళ్లు (9:17) ఇదే పట్టుకున్నారు.

నీనెవెకు వెళ్లమని దేవుడు పంపితే పారిపోయిన ప్రవక్త యోనా దగ్గర మాత్రం ఆగాలి. సండే స్కూల్లో చేప వరకు చెప్పి ఆపేస్తాం. అసలు సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది. నీనెవె, ఇప్పటి ఇరాకులో మోసుల్ నగరం పక్కనే, టైగ్రిస్ నది ఒడ్డున ఉండేది. అది అష్షూరు వాళ్ల మహాపట్టణం. వాళ్లు ఎంత క్రూరులో వాళ్లే గోడల మీద చెక్కించుకున్నారు. అష్షూరు రాజు సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదా పట్టణమైన లాకీషును పట్టుకున్న దృశ్యాలు నీనెవె రాజభవనంలో దొరికాయి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనుషుల్ని కొయ్యలకు గుచ్చడం, కుటుంబాల్ని ఎడ్లబండ్లతో చెరకు తోలుకుపోవడం అందులో కనిపిస్తాయి. అది యోనా తర్వాతి కాలం సంగతే, కానీ ఆ రాజ్యం తీరు మీకు అర్థమవుతుంది. అలాంటి ఊరు మారుమనస్సు పొందితే దేవుడు శిక్ష ఆపేశాడు. యోనాకు ఒళ్లు మండిపోయింది. నేను తర్షీషుకు పారిపోయింది ఇందుకే, "నీవు కటాక్షమును జాలియును బహుశాంతమును అత్యంత కృపయుగల దేవుడవై" ఉన్నావని నాకు తెలుసు అన్నాడు. మోషే ఆనందంతో పట్టుకున్న మాటనే యోనా ఫిర్యాదుగా విసిరాడు!

పాత నిబంధన దేవుడు కోపిష్టి అని అడిగిన బిడ్డా, ఇది పాత నిబంధన. దేవుడికి కోపం చాలడం లేదని ప్రవక్తే అలిగి ఊరి బయట కూర్చున్నాడు. ఆ పుస్తకం చివర దేవుడు అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమందికి పైగా జనం, ఎన్నో పశువులు ఉన్న ఈ పట్టణం మీద నేను జాలిపడవద్దా? పశువుల్ని కూడా లెక్కలో వేసుకున్నాడు చూడండి.

అదే నీనెవె గురించి తర్వాత ప్రవక్త నహూము రాశాడు. అతనూ దీర్ఘశాంతుడు అనే అన్నాడు, కానీ ఆ వాక్యంలో రెండో సగం అందుకున్నాడు, "ఆయన దోషులను నిర్దోషులుగా ఎంచడు" (1:3). ఆ పట్టణం మళ్లీ రక్తపాతానికి దిగింది, క్రీ.పూ. 612లో కూలిపోయింది. దేవుడు మారలేదు. యోనాకూ నహూముకూ మధ్య ఎన్నో ఏళ్లు ఓర్చుకున్నాడు. నీనెవె కాళ్ల కింద నలిగిన వాళ్ల వైపు నుంచి నహూము చదవండి. దోషిని ఎప్పటికీ అడగని దేవుడు వాళ్లకు మంచివాడు అవుతాడా?

నిర్గమ 34:7 చివర మీకు టెన్షన్ పెట్టే ముక్క ఇంకొకటి ఉంది, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తాడు అన్నది. దీన్ని చూపించి వంశ శాపాలున్నాయని భయపెట్టేవాళ్లను నేను ఒప్పుకోను. ద్వితీయోపదేశకాండము 24:16 ప్రతివాడూ తన పాపానికే మరణశిక్ష పొందాలంటుంది. యెహెజ్కేలు 18 అంతా దీని గురించే. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెత ఇక మీరు పలకకూడదని దేవుడే అన్నాడు. నిర్గమ 20:5లో "నన్ను ద్వేషించువారి విషయములో" అని ఉంది, అది కలిపి చదవాలి. తాగుబోతు తండ్రి చేసిన అప్పులు పిల్లలు మోయడం మనం చూస్తూనే ఉన్నాం, పాపం ఒక్కరితో ఆగదన్నది నిజం. కానీ శిక్ష మూడు నాలుగు తరాలు, కృప వెయ్యి తరాలు (ద్వితీ 7:9). ఆయన మనసు ఎటు మొగ్గుతుందో ఆ లెక్కలే చెప్తాయి.

ఇప్పుడు యోహాను సువార్త మొదటి అధ్యాయం తీయండి. వాక్యము శరీరధారియై "కృపాసత్యసంపూర్ణుడుగా" మన మధ్య నివసించెను అని 14లో ఉంది. 17లో మోషే పేరు వస్తుంది. 18లో, ఎవడూ ఎప్పుడూ దేవుణ్ణి చూడలేదు, తండ్రి రొమ్మునున్న కుమారుడే ఆయనను బయలుపరిచాడు అని ఉంది. మోషే బండ సందులోంచి వెనుకవైపు మాత్రమే చూసిన ఆ దేవుడే గలిలయ వీధుల్లో నడిచాడని యోహాను సాక్ష్యం. ఆ యేసే కుష్ఠరోగిని ముట్టుకున్నాడు, మత్తయి 23లో వేషధారులకు అయ్యో అని గట్టిగా చెప్పాడు. నిర్గమ 34లోని ఆరో వచనం, ఏడో వచనం రెండూ ఆయనలో ఉన్నాయి. సిలువ దగ్గర రెండూ ఒక చోట కలిశాయని నేను నమ్ముతాను. దాని గురించి ఒక ఉత్తరంలో రాయలేను.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక వచనం కాకుండా అధ్యాయం మొత్తం చదవండి. దేవుడు ఇందులో ఏం చేశాడు, ఏమన్నాడు, చేయగలిగి కూడా ఏం చేయలేదు, ఈ మూడూ రాయండి. "ఇది నాకేం చెప్తోంది" అన్నది ఆ తర్వాత. మొదటే మనల్ని మధ్యలో పెట్టుకుంటే ఆయన కనబడడు. పాత అనువాదం భాష కష్టంగా ఉంటే పక్కన సులభమైన తెలుగు అనువాదం పెట్టుకుని చదవండి, అందులో తప్పేమీ లేదు. ఫోన్లో బైబిలు యాప్ ఉంటే "దీర్ఘశాంత" అని వెతకండి, దారి అదే చూపిస్తుంది. అర్థం కానిచోట ప్రశ్న గుర్తు పెట్టి తేదీ వేయండి. ఆ ప్రశ్నలు పాస్టరు గారి దగ్గరకు, యవ్వనస్థుల కూడికకు తీసుకెళ్లండి. పౌలు చెప్పినదాన్నే బెరయ పట్టణం వాళ్లు ప్రతిదినం లేఖనాల్లో పరిశోధించి చూశారు, బైబిలు వాళ్లను మెచ్చుకుంది (అపొ. 17:11).

పరీక్షలున్న వాళ్లు వారానికి ఒక్క అధ్యాయం చదివినా చాలు. నిర్గమ 32తో మొదలుపెట్టండి. సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ వెంట తెచ్చుకోండి. ఈలోగా హోషేయ 11 కూడా చదివి ఉంచండి, ఎఫ్రాయిమును, అంటే ఇశ్రాయేలును, చేయిపట్టి నడక నేర్పిన దేవుడు అక్కడున్నాడు. ఎనిమిదో వచనం మీద మీరేం రాశారో నేను చూడాలి.

ప్రేమతో,
మీ తాతయ్య