ఆ ఫోన్ ఎవరిది?

చిట్టితల్లీ, చిన్నోడా,

ఆదివారం వీడియో కాల్‌లో మీరిద్దరూ అడిగినదానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేదు. పాలు పోసే పిన్ని మన వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో కనిపిస్తున్న ఫోన్‌ని నొక్కుతుంటే, "తాతయ్యా, ఆ ఫోన్ ఎవరిది? దానికి నంబర్ ఉందా? మేం కాల్ చేస్తే ఎత్తుతుందా?" అన్నారు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

ఆ ఫోన్ ఎవరిదీ కాదు. ఫోన్‌లాగా నడుచుకునే ఒక ప్రోగ్రాం అది. ఎమ్యులేటర్ అంటారు.

నా చిన్నప్పుడు మా ఊరి బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. గంటకు పావలా. మా దగ్గర పావలా ఎక్కడిది? షాపాయన భోంచేసి కునుకు తీసే వేళకి నేనూ మా అన్నయ్యా అక్కడికి చేరేవాళ్ళం. స్టాండు వేసిన సైకిల్ ఎక్కితే ఆయన ఏమీ అనేవాడు కాదు. వెనక చక్రం గాల్లో ఉంటుంది కాబట్టి ఎంత తొక్కినా బండి ఉన్నచోటే ఉంటుంది. అయినా గొలుసు తిరుగుతుంది, బ్రేకు పడుతుంది, బెల్లు మోగుతుంది. డైనమోని చక్రానికి ఆనిస్తే ముందు లైటు కూడా వెలుగుతుంది. చీకటి కొట్లో ఆ పచ్చటి వెలుగు గోడ మీద వణుకుతుంటే, రాత్రిపూట తెనాలి రోడ్డు మీద పోతున్నట్టే ఉండేది మాకు.

ఎమ్యులేటర్ కూడా స్టాండు వేసిన సైకిలే. అమ్మ రాసిన పాల లెక్కల యాప్ దాని మీద కూర్చుని తొక్కుతుంది. నిజం ఫోన్‌లో ఉండే ఆండ్రాయిడే అక్కడా ఉంటుంది కాబట్టి యాప్ మామూలుగానే పనిచేస్తుంది.

మరి అమ్మ పిన్నికి యాప్ ఫైల్ కాకుండా, ల్యాప్‌టాప్‌లో ఆ ఫోన్‌ని చూపించే లింక్ ఎందుకు పంపిందంటే, అంతకు ముందు వారం అమ్మ యాప్ ఫైల్‌ని వాట్సాప్‌లో పంపింది. తెరవగానే ఫోన్ హెచ్చరిక చూపించింది. పిన్నికి టెన్షన్ వచ్చేసింది. "బాబాయిగారూ, ఇది నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయంటగా" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ఆమె భయం నిజమైనదే. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైళ్ళు, అంటే ఇలాంటి యాప్ ఫైళ్ళే, పంపి జనాన్ని ముంచుతున్నారు. మీరు కూడా అలా వచ్చిన ఫైల్ ఎప్పుడూ తెరవకండి, పంపింది స్నేహితుడే అయినా సరే.

అమ్మ పంపిన లింక్‌తో ఆ బాధ లేదు. మన ల్యాప్‌టాప్‌లోకి ఏదీ దిగదు. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫోన్ నడుస్తుంటుంది. దాని బొమ్మ మాత్రం వీడియోలాగా మనకి వస్తుంది, మన నొక్కు అక్కడికి వెళుతుంది. అంటే సైకిల్ షాపు వేరే ఊళ్ళో ఉంది, పెడల్ మాత్రం మన వసారాలో ఉంది! అందుకే నొక్కిన తర్వాత ఒక్క క్షణం ఆగి కదులుతుంది. నిజం పేర్లూ, నిజం ఫోన్ నంబర్లూ అందులో పెట్టొద్దని అమ్మ ముందే చెప్పింది. పిన్ని వాడుక ఇళ్ళకి చెట్ల పేర్లు పెట్టింది. వేపచెట్టు ఇల్లు, నందివర్ధనం ఇల్లు.

మొదట ఆమె స్క్రీన్ మీదే వేలు పెట్టి తోసింది. కదల్లేదు. మౌస్ అలవాటు కావడానికి పది నిమిషాలు పట్టింది. వీడియోలో అమ్మ అంతా చూస్తూనే ఉంది, ఒక్క మాట సాయం చెయ్యలేదు. అది నాకు చాలా నచ్చింది. చెప్పేస్తే, యాప్ ఎక్కడ తికమక పెడుతోందో అమ్మకి ఎలా తెలుస్తుంది? వేపచెట్టు ఇంటికి రోజూ లీటరున్నర పోస్తుంది పిన్ని. ఆ గడిలో చుక్క పడటం లేదు. ఒకటి పడుతుంది, రెండు పడుతుంది, ఒకటిన్నర పడదు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, "నాగా ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది. పాలు పొయ్యని రోజుని నాగా అంటారు. అమ్మ యాప్‌లో ఆ మాటే లేదు, సున్నా వెయ్యాలి. కానీ పిన్ని లెక్కలో సున్నా వేరు, నాగా వేరు. ఎవరు మానేశారన్నది అక్కడ ముఖ్యం. గేదె ఈనిందా, ఆ ఇంటివాళ్ళు ఊరెళ్ళారా? అమ్మ గబగబా కాగితం మీద రాసుకోవడం నేను చూశాను.

అయితే, స్టాండు మీద నెల రోజులు తొక్కిన నేను మొదటిసారి కాలవగట్టు మీదికెళ్ళి పది గజాల్లో పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. పెడలూ బ్రేకూ వచ్చేశాయి కానీ బ్యాలెన్సు రాలేదు. స్టాండు మీద దానితో పనే పడలేదు మరి. పిన్ని తెల్లవారుజామున 5 గంటలకి చీకట్లో పాలు పోస్తుంది. చెయ్యి తడిగా ఉంటుంది, తడి వేలికి స్క్రీన్ సరిగా పలకదు. వెనక వీధిలో సిగ్నల్ ఉండదు. ఇవేవీ ల్యాప్‌టాప్‌లో తెలియవు. దసరా సెలవులకి వచ్చినప్పుడు అమ్మ నిజం ఫోన్ పట్టుకుని పిన్ని వెంట ఇల్లిల్లూ తిరుగుతానంది. లేవగలిగితే మీరూ వెళ్ళండి.

నంబర్ అడిగారు కదా. సెట్టింగ్స్‌లో ఒక నంబర్ చూపిస్తుంది కానీ, దాని వెనక సిమ్ లేదు. మీరు కాల్ చేస్తే అది మోగదు. కంప్యూటర్ దగ్గరున్నవాళ్ళు మాత్రం ఒక బటన్ నొక్కి దానికి ఉత్తుత్తి కాల్ రప్పించవచ్చు. ఇంకో సంగతి. గూగుల్ వాళ్ళు ఈ ఎమ్యులేటర్‌ని 2007 నవంబరులో ఇచ్చారు. కొనుక్కోవడానికి మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది 2008 అక్టోబరులో. అంటే దాదాపు ఏడాదిపాటు రోడ్డెక్కే సైకిల్ ఎవరికీ దొరకలేదు, స్టాండు మీద తొక్కుడే! ఆ ఏడాది యాప్‌లు రాసినవాళ్ళని తలుచుకుంటే నాకు ఆ చీకటి కొట్టూ, గోడ మీద వెలుగూ గుర్తొస్తాయి.

అమ్మ ల్యాప్‌టాప్‌లో కూడా ఇలాంటి ఫోన్ ఒకటి ఉంది. అమ్మ పక్కన ఉన్నప్పుడు అడిగి, అందులో మ్యాప్ తెరవండి. మీరు కూర్చున్నది హైదరాబాద్‌లో. ఆ ఫోన్ తను ఎక్కడున్నానని అనుకుంటోందో చూడండి. తర్వాత కెమెరా తెరవండి. మీ గది కాకుండా ఇంకేదో గది కనిపిస్తే కంగారుపడకండి. కీబోర్డు మీద ఆల్ట్ నొక్కి పట్టుకుని W, A, S, D అక్షరాలు నొక్కితే ఆ గదిలో నడవవచ్చట. మెల్లగా అంతా తిరిగి, లోపల ఏమేం ఉన్నాయో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య