ఒక్క గ్రాము హైడ్రోజన్‌తో 20 కిలోమీటర్లు

2005 జూన్‌లో ఫ్రాన్స్‌లో, మిషెలిన్ కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద పాక్-కార్ 2 అనే మూడు చక్రాల బండి పరిగెత్తింది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు విద్యార్థులతో కలిసి చేసిన బండి. దాదాపు 20 కిలోమీటర్లు తిరిగి అది తాగింది ఇంచుమించు ఒక్క గ్రాము హైడ్రోజన్. అంటే విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లి వెనక్కి వచ్చేయొచ్చు. పెట్రోలు లెక్కలోకి మారిస్తే లీటరుకి 5,385 కిలోమీటర్లు!

ఇదంతా హైడ్రోజన్ మహిమ అనుకుంటాం కానీ, నన్నడిగితే సగానికి పైగా మహిమ బండిదే. ఆ గ్రాములో ఉన్న శక్తితో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ అరగంట కూడా తిరగదు. మరి అంత దూరం ఎలా పోయిందంటే, కార్బన్ ఫైబర్ బాడీతో బండి బరువు 29 కిలోలే, డ్రైవరు దాదాపు పడుకునే నడపాలి, టైర్లు దానికోసమే చేసినవి, వేగం చూస్తే గంటకి 30 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకి గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుంటూ పోవడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లు.

మిగతా పని హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌ది. ఇందులో మంట ఉండదు. ఒక పల్చటి పొర, దానికి రెండు వైపులా ప్లాటినం పూత. ఒక వైపు నుంచి వచ్చిన హైడ్రోజన్‌ని ప్లాటినం ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడగొడుతుంది. పొర ప్రోటాన్లని మాత్రమే పోనిస్తుంది, దాంతో ఎలక్ట్రాన్లు గత్యంతరం లేక వైరు గుండా చుట్టు తిరిగి పోవాలి, దారిలో మోటారుని తిప్పాలి. అవతల ఆక్సిజన్‌తో అందరూ కలిస్తే నీళ్లు. ఒక్కో సెల్ నుంచి పని చేసేటప్పుడు వచ్చేది సుమారు 0.7 వోల్టులే, అందుకే పదుల కొద్దీ పేరుస్తారు. తక్కువ లోడ్ మీద పెట్రోల్ ఇంజన్ ఇంధనాన్ని బాగా వృథా చేస్తుంది, ఫ్యూయల్ సెల్‌కి ఆ బాధ లేదు. నెమ్మదిగా పోయే ఇలాంటి బండికి అది బాగా కలిసొచ్చింది.

ఇక మన సంగతి. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన జరిగింది కాబట్టి రేపో మాపో హైడ్రోజన్ ఆటోలొస్తాయని ఎవరైనా అంటే నేను నమ్మను. నీళ్ల నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకి పైగా కరెంటు కావాలి, అందులో ఉండేది 33 యూనిట్లు, ఫ్యూయల్ సెల్ తిరిగిచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూ. అదే కరెంటు నేరుగా బ్యాటరీలో పెడితే చాలావరకు చక్రం దాకా వస్తుంది. ఊళ్లో తిరిగే ఆటోకి బ్యాటరీయే మేలు.

లారీ లెక్క వేరు. సాలూరు లారీ రాయ్‌పూర్ రూటులో ఘాట్లెక్కి పోవాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, ఆ బరువు మేరకు సరుకు తగ్గుతుంది, ఛార్జింగ్‌కి గంటలు పోతాయి. అక్కడ హైడ్రోజన్ మాట వినొచ్చు. కాకపోతే కార్లలో వాడే ట్యాంకుల్లోనే గ్యాస్‌ని 700 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో కుక్కుతారు, అలాంటి బంకు ఆ రూటులో ఎక్కడో ఒకచోట ఉంటే తప్ప ఏ ఓనరూ ముందుకు రాడు.