పలక పట్టించేముందు: ఆరేళ్లలోపు చదువు వెనుక కథ

హైదరాబాద్‌లో రెండున్నరేళ్ల పిల్లలున్న ఇళ్లలో నర్సరీ సీటు టెన్షన్ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఫీజెంత, బస్సుందా, ఇంగ్లిష్ ఎప్పట్నుంచి అని అడుగుతారు. అక్కడ పిల్లలతో ఏం చేయిస్తారు, అదే ఎందుకు చేయిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. టీచర్‌గా చేరిన కొత్తలో నేనూ అడగలేదు.

నేను పనిచేసిన ఒక ప్లేస్కూల్లో మూడేళ్ల బాబు ఉండేవాడు. పెన్సిల్‌ని పిడికిలి బిగించి పట్టుకునేవాడు. వర్క్‌షీట్ మీద చుక్కలు కలపమంటే రెండు గీతలకే మొన విరిగేది. "చెయ్యి నొప్పి మేడం" అనేవాడు. బద్ధకం అనుకుని వేళ్లు పట్టుకుని దిద్దించాను. చాన్నాళ్లకు ఒక ట్రైనింగ్‌లో చిన్నపిల్లల చేతి ఎక్స్‌రే చూపించారు. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల చేతిలో వాటిలో చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసేసరికి బాబు మాట గుర్తొచ్చి మనసంతా పిండేసినట్టయింది. పరిశోధన అంటే పరీక్షలో రాసే అయిదు మార్కుల ప్రశ్న అనే నా భ్రమ ఆ రోజే పోయింది.

అప్పట్నుంచి వెతుక్కుంటూ పోతే, చిన్నపిల్లల గురించి మంచి పరిశోధన మన ఊరి పక్కనే జరిగిందని తెలిసింది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. అంగన్‌వాడీలు దాంతోనే వచ్చాయి. పథకం అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ తేడానే ఆసరా చేసుకుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 గ్రామాలను ఎంచుకుంది. 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా అందింది. మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలే పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య ఉండగా 2003-05లో మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. రక్తనాళాల బిరుసుదనం తక్కువుంది. తర్వాతి విశ్లేషణల్లో బడిలో కొనసాగడంలోనూ వాళ్లదే పైచేయి అని తేలింది. అయితే ఏ ఊరికి ఉప్మా అందాలో లాటరీ వేసి తేల్చలేదు కాబట్టి, తేడా అంతా తిండి వల్లేనని తెగేసి చెప్పలేం. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మేం టీచర్లం ఇంత జాగ్రత్తగా మాట్లాడం.

లాటరీ పద్ధతిలో అధ్యయనం తమిళనాడులో జరిగింది. 320 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీలో వచ్చిన సగం కేంద్రాలకు పూటపని మీద ఇంకో మనిషిని ఇచ్చారు. పిల్లలకు చదువు చెప్పే సమయం దాదాపు రెట్టింపైంది. లెక్కలు, భాష మెరుగయ్యాయి. టీచర్‌కు చెయ్యి ఖాళీ అవడంతో పోషణ పనులకూ తీరిక దొరికి, ఎదుగుదల లోపాలు కూడా తగ్గాయి. మన దగ్గర అంగన్‌వాడీ టీచర్ రోజు ఎలా గడుస్తుందో చూసినవాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది. గుడ్లు లెక్కపెట్టాలి, బాలామృతం ప్యాకెట్లు పంచాలి, బరువులు తూచాలి, ఫోన్‌లో ఎంట్రీలు కొట్టాలి. పాట పాడించే వేళకు పిల్లలు ఇంటికెళ్లే టైమవుతుంది.

ప్రైవేటులో అయితే బాగుంటుందా? 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో దాదాపు 14 వేల మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించిన అధ్యయనం ఒకటుంది. 2017లో వెలువడింది. అయిదేళ్లకు బడికి సిద్ధంగా ఉన్న పిల్లలు తక్కువని అందులో తేలింది. పిల్లలు అంగన్‌వాడీ నుంచి ప్రైవేటుకు, అక్కణ్నుంచి సర్కారు బడికి, ఒక్కోసారి మళ్లీ వెనక్కి మారుతూనే ఉన్నారు. ప్రైవేటు కేంద్రాల్లో ఎక్కువగా కనిపించింది రాయడం, బట్టీ పట్టడం. వయసుకు తగిన ఆటపాటలు రెండుచోట్లా కొరవే. నా క్లాసు ఫొటో తీసి చూపించినట్టే అనిపించింది.

ఇంతకాలం ఇది ఎవరి చెవికీ ఎక్కకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో రాజ్యాంగ సవరణ ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించింది. ఆరేళ్లలోపు వాళ్ల విషయంలో ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అన్న మాటే మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టమూ ఆ గీత దాటలేదు. హక్కు లేనిచోట తనిఖీ లేదు. తనిఖీ లేనిచోట గల్లీకో ప్లేస్కూల్ ఎవరికి తోచినట్టు వాళ్లు నడుపుకున్నారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా కలిపింది. ఆట ద్వారా నేర్పాలంది. 2022లో దానికి పాఠ్యప్రణాళిక చట్రమూ వచ్చింది.

ఇప్పుడు నా క్లాసులో మూడేళ్ల పిల్లలకు పెన్సిల్ ఇవ్వను. చపాతీ పిండి ముద్దలు, బట్టల క్లిప్పులు, తడి ఇసుక, పెద్ద పెద్ద పూసలు ఇస్తాను. ఎవరు ఎన్ని పూసలు గుచ్చారో, ఏ చేత్తో గుచ్చారో సాయంత్రం నోట్‌బుక్కులో రాసుకుంటాను. జూన్ దాటగానే ఎవరో ఒక అమ్మ గేటు దగ్గర ఆగి, "పక్కింటి బాబుకి ఏబీసీడీలు వచ్చేశాయి మేడం, మా పాపకి ఇంకా రాయించట్లేదేంటి?" అని అడుగుతుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఫోన్‌లో దాచుకున్న ఎక్స్‌రే ఫొటో తీసి ఆవిడ చేతికిస్తాను.