ట్యాంకు నిండిందా, నీళ్లు ఆగాయా?

శ్రావణం. ముసురు పట్టి నాలుగో రోజు. స్నానాలగదిలో జాలీ గుడగుడలాడి, కాసేపటికి నల్లటి నీళ్లు వేలెడు ఎత్తున పైకొచ్చి నిలబడ్డాయి. మా ఊరు ఒడిశాలోని పర్లాకిమిడి, సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరుని 'సెస్‌పూల్ బండి' అంటాం, దానికి ఫోను చేశాం. బండితో వచ్చిన కుర్రాడు మూతపలక కాస్త పక్కకి జరిపి, ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"ట్యాంకు నిండిపోనాది మాస్టారూ!"

రెండు వేలు ఇచ్చాం, గొట్టం వేసి లాగేశాడు. పదకొండో రోజున జాలీ మళ్లీ గుడగుడలాడింది.

హైస్కూల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ మాటలో లోపం నాకు ఆ రోజే తట్టాల్సింది. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. కొత్తగా కట్టిన కొద్ది రోజుల్లోనే నిండుతుంది, ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ నిండుగానే ఉంటుంది. ఇటునుంచి చెంబుడు పడితే అటునుంచి చెంబుడు బయటికి పోవాలి, దాని ఉద్యోగమే అది. నిండు ట్యాంకుని చూసి జబ్బనడం, నూతిలో నీళ్లున్నాయని బెంగపడటం లాంటిది. అడగాల్సింది 'నిండిందా' అని కాదు, 'నీళ్లు ఎక్కడ ఆగాయి' అని.

లోపల జరిగేది మన వంటింట్లో రోజూ చూసేదే. చారు కాచి దించి కదపకుండా ఉంచితే పైన నురగ, మధ్యలో తేట, అడుగున మడ్డి. ట్యాంకులోనూ అంతే. నూనెలు, సబ్బు జిడ్డు, తేలికవన్నీ పైకి తేలి తెట్టు కడతాయి. బరువైనవి అడుక్కి దిగి మడ్డి అవుతాయి. మధ్యనున్న తేట అవతలి గొట్టం గుండా ఇంకుడుగుంటకి పోతుంది. తేట అన్నానని శుభ్రమనుకునేరు, అందులో క్రిములు కోట్లలో ఉంటాయి. పేరుకున్న మడ్డిని గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కొంత తిని, మీథేనుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తాయి. మొత్తం తినలేవు కాబట్టే రెండు మూడేళ్లకోసారి తోడించాలంటారు. ఇదంతా జరగాలంటే నీళ్లు ట్యాంకులో నిలకడగా ఒక రోజైనా ఉండాలి. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 2470 ఎంత చిన్న ఇంటికైనా 1,000 లీటర్లకి తక్కువ కట్టవద్దనడం అందుకే. 1881లో ఫ్రాన్సులో మూరా అనే ఆయన ఇలాంటి పెట్టెకి పేటెంటు తీసుకున్నాడు. 'సెప్టిక్ ట్యాంకు' అన్న పేరు మాత్రం 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో కామెరాన్ అనే ఆయన పెట్టాడు.

మా పక్క చాలా ఇళ్లల్లో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేది నిజానికి ట్యాంకు కాదు, అడుగు లేకుండా దించిన సిమెంటు వరల గుంట. దానికి బయటికి పోయే గొట్టమే ఉండదు, నీళ్లు పక్కమట్టిలోకి ఇంకాలి. అక్కడ మాత్రం 'నిండిపోనాది' అంటే నిజంగా నిండినట్టే. మీ ఇంటి కింద ఉన్నది ఏదో కట్టిన మేస్త్రిని ముందు అడగండి.

ఇక ఆరా తీయడం. దేశంలో ఏ నగరంలో పైపు లీకైనా కేంద్రాపడ జిల్లా పట్టాముండై మనిషే వస్తాడని పేరు. అదే ఒడిశాలో ఉన్న మాకు ప్లంబరు దొరకడానికి మూడు రోజులు పట్టేలా ఉంది. ఈలోగా నేనే మొదలెట్టాను.

నీళ్లు ఆగింది ఒక్క చోటేనా, అన్ని చోట్లా? వంటింటి సింకు ఒక్కటే మొరాయిస్తే తప్పు ఆ సింకు గొట్టంలో ఉంటుంది, ట్యాంకుతో పనిలేదు. కింది అంతస్తులో ఉన్నవన్నీ ఒకేసారి మందగిస్తే తప్పు బయట ఉంది. నీళ్లు సాఫీగా పోతూ గుడగుడ మాత్రం వినిపిస్తే గాలిగొట్టం చూడండి. మేడమీది దాని మూతలో కందిరీగలు గూడు కట్టి ఉంటాయి. మా ఇంట్లో అన్నీ ఒకేసారి మొరాయించాయి.

తర్వాత ఇంటికీ ట్యాంకుకీ మధ్యనున్న చాంబరు. దాని మూత తీసి ఇంట్లో బకెట్టు నీళ్లు గుమ్మరించమనాలి. చాంబరు ఖాళీగా ఉండి నీళ్లు రాకపోతే అడ్డం ఇంటివైపు. చాంబరు నిండి ఉంటే అడ్డం ట్యాంకు వైపు. వెదురుబద్దతో పోయే అడ్డానికి బండి పిలిచి డబ్బులు పోసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఆ తర్వాతే ట్యాంకు మూత. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. లోపల కుళ్లిన కోడిగుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. గాలిలో పది లక్షల వంతులకి వంద వంతులు దాటితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదు. మీథేను ఉంది కాబట్టి బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు. గాలి మన వెనకనుంచి ట్యాంకు వైపు వీచేలా నిలబడి, తల లోపలికి వంచకుండా, టార్చిలైటుతో చూడాలి. లోపలికి మనిషిని దించే ప్రసక్తే లేదు. రక్షణ సామగ్రి లేకుండా దించడాన్ని పాకీపనిని నిషేధించిన 2013 చట్టం నేరంగా చూస్తుంది. దించుతానని ఎవరైనా వస్తే వద్దని పంపేసి, 14420కి ఫోను చెయ్యాలి. ఆ పారిశుద్ధ్య హెల్ప్‌లైను పెట్టిందే మనుషులు దిగకుండా యంత్రంతో పని చేయించడానికి.

మూత తీశాక చూడాల్సింది నీటిమట్టం. అది బయటికి పోయే గొట్టం అడుగంచుకి సరిగ్గా ఉంటే ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు, ఎంత నిండుగా కనిపించినా సరే. అంచుకి దిగువన ఉంటే గోడ కారుతోంది. గొట్టాన్ని ముంచేసి పైకొచ్చిందంటే గొట్టమైనా మూసుకుని ఉండాలి, అవతల ఇంకుడుగుంటైనా తాగడం మానేసి ఉండాలి.

మా ట్యాంకులో గొట్టం మునిగింది. దాంతో తోడించిన రోజు కళ్లెదుట జరిగిందొకటి గుర్తొచ్చింది. బండి లాగడం ముగించాక అవతలి గొట్టంలోంచి నల్లటి నీళ్లు ధారగా వెనక్కి, ట్యాంకులోకే వచ్చాయి. "ఊట నీళ్లులెండి" అన్నాడు కుర్రాడు. ఊటా కాదు, పాడూ కాదు. ఇంకుడుగుంట గొంతుదాకా నిండి, ఖాళీ దొరకగానే తిరిగి కక్కింది. రెండు వేలు పెట్టి ఆ గుంటకి పది రోజుల చోటు కొన్నామన్నమాట! తోడించే రోజు దగ్గరుండి ఈ ఒక్కటి చూస్తే చాలు, బండివాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

మరి బండి ఎప్పుడు పిలవాలి? దానికి కర్ర ఉంది. పొడుగాటి వెదురు గెడకి కిందనుంచి మూడడుగుల దాకా పాత తెల్ల తువ్వాలు చుట్టి తాడుతో బిగించాలి. తెట్టుని పక్కకి తోసి, గెడని అడుగు తగిలేదాకా నెమ్మదిగా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి, నిట్టనిలువునా పైకి లాగాలి. మడ్డి ఉన్నంతమేరా గుడ్డకి నల్లటి రవ్వలు అంటుకుంటాయి, ఆపైన మరక పలచబడుతుంది. తెట్టు మందానికి మరో కర్ర చివర అడ్డంగా చిన్న ముక్క కొట్టి, కిందనుంచి పైకి తాకిస్తే తెలుస్తుంది. తెట్టూ మడ్డీ కలిపి నీటిలోతులో మూడోవంతు దాటితే తోడించాలి.

నిరుడు గుణుపురంలో మా చెల్లెలింట్లో కొలిచాను. నీటిలోతు 110 సెంటీమీటర్లు, మడ్డి 46, తెట్టు 9. రెండూ కలిపి 55, సరిగ్గా సగం. తొమ్మిదేళ్లుగా మూత తియ్యలేదట. ఆ పూటే బండి పిలిపించాం. "నేను చెప్తే ఒక్కనాడూ వినలేదు అన్నయ్యా, కర్ర చెప్తే విన్నారు మీ బావగారు" అంది చెల్లెలు.

తోడించేటప్పుడు అడుగు తళతళలాడేలా కడిగించాలని పట్టుబట్టేవాళ్లున్నారు. అది పొరపాటు. ఓ అంగుళం మడ్డి వదలమంటుంది ప్రమాణం, పాలలో తోడులాగా. బజార్లో అమ్మే ట్యాంకు పొడుల మీద నాకు నమ్మకం లేదు. తినే సూక్ష్మజీవులు మనతోనే రోజూ లోపలికి పోతున్నాయి. వారానికోసారి యాసిడు గుమ్మరించి వాటిని చంపకపోతే అదే పదివేలు.

మళ్లీ మా గుంట దగ్గరికి. ఇంకుడుగుంట ఎందుకు తాగడం మానేస్తుంది? ట్యాంకు నుంచి తెట్టో మడ్డో కొద్దికొద్దిగా జారి వెళ్లి, గుంట గోడల మట్టి మీద నల్లటి జిగురు పొర కడుతుంది. అందులోనూ సూక్ష్మజీవులే. పొర పలచగా ఉంటే మేలు, నీటిని వడకడుతుంది. మందమైతే మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. దానికి గాలి తగిలి, కాస్త ఆరి, తరగాలంటే గుంటకి విశ్రాంతి కావాలి. ఇంకగలిగినదానికంటే రోజూ ఎక్కువ నీళ్లు వస్తుంటే విశ్రాంతి ఎక్కడిది?

ఆ ఎక్కువ నీళ్లు ఎక్కడివో వెతికాను. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు బట్టల నీలిమందు వేసి, అరగంట ఎవరినీ వాడనివ్వలేదు. బేసినులోకి నీలిరంగు చార సన్నగా దిగింది. సరే, ఎంత కారుతోంది? కింద కుళాయి కట్టేసి, ఫ్లష్ ట్యాంకు లోపలి గోడ మీద నీటిమట్టానికి పెన్సిలు గీత గీశాను. లోపలి పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు 15. అరగంటలో మట్టం 5 సెంటీమీటర్లు దిగింది. మూడూ గుణిస్తే 2,625 ఘన సెంటీమీటర్లు, అంటే రెండున్నర లీటర్ల పైమాట. రోజుకి 48 అరగంటలు. 126 లీటర్లు! ఇంట్లో ఉండేది ముగ్గురం. రోజు మొత్తం మీద మేం ఫ్లష్ నొక్కి పంపే నీళ్లు అంతే ఉంటాయి. అంటే మాతోపాటు కనిపించని మరో ముగ్గురు కాపురం ఉంటున్నారు. తప్పంతా గట్టిపడిపోయిన ఓ రబ్బరు వాషరుది.

అసలు దొంగ వేరే ఉన్నాడు. మేడమీది వాననీటి గొట్టాన్ని ఎప్పుడో ఏ మేస్త్రో, కాలవ దాకా తీసుకెళ్లే ఓపిక లేక, చాంబరులోకి కలిపేశాడు. మా డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 930 లీటర్లు. గట్టి వాన పడితే, చిన్న ట్యాంకుకి ప్రమాణం చెప్పిన పరిమాణం దాదాపు అంతా గంటలో వచ్చి పడుతోంది. నీరు నిలకడగా ఉండే వ్యవధి పోయి, అడుగు మడ్డి కదిలి, వాననీరు దాన్ని ఈడ్చుకుని గుంటలోకి పోతోంది. ఎండాకాలమంతా నోరెత్తని జాలీ శ్రావణంలోనే ఎందుకు గుడగుడలాడిందో అప్పుడర్థమైంది.

వానాకాలంలో ఇంకో సంగతి ఉంది. భూగర్భజలం పైకొస్తే గుంట ఎటు ఇంకించుకుంటుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక మా వీధి నూతుల్లో వంగి చెంబు ముంచితే నీళ్లందాయి. ఆ వారం ఏ ఇంకుడుగుంటా చుక్క తాగలేదు, ఎన్ని బండ్లొచ్చినా ఏం లాభం? పైపెచ్చు అలాంటప్పుడు తోడించడం ప్రమాదం కూడా. చుట్టూ నీళ్లున్న నేలలో ఖాళీ చేసిన 2,000 లీటర్ల ట్యాంకుని ఆర్కిమిడీసు సూత్రం దాదాపు రెండు టన్నుల బలంతో పైకి తోస్తుంది. మా తోడల్లుడు ప్లాస్టిక్ ట్యాంకు పాతించాడు. దాని బరువు వంద కిలోలు కూడా ఉండదు. ముసుర్లో తోడించిన మర్నాడు తెల్లారేసరికి అది పెరట్లో బోర్లించిన పడవలా తేలింది, గొట్టాలు రెండూ విరిగి.

వాషరు మార్చాను, డాబా గొట్టాన్ని కాలవకి తిప్పించాను. నాలుగు వారాలకి ట్యాంకు మట్టం గొట్టం అంచుకి దిగింది. బండి మళ్లీ రాలేదు. కానీ పాత గుంట జిగురు పట్టి మందంగానే ఉంది, వచ్చే వానాకాలం దాన్ని నమ్మలేను.

అందుకే మాఘంలో, నేల ఆరాక, పెరట్లో కొత్తచోట జానెడు వెడల్పున గొయ్యి తవ్వించాను. పైన ఎర్రమట్టి, కింద గట్టి బంక. గోడలు గీకి, అడుగున రెండంగుళాల ఇసక పోసి, రాత్రంతా నీళ్లు నింపి నాననిచ్చి, పొద్దున్న నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. ఐ.ఎస్. 2470 ప్రకారం 30 నిమిషాల లోపైతే గుంట చాలు, 30 నుంచి 60 అయితే పొడవాటి కందకం తవ్వి నీటిని పరవాలి, 60 దాటితే ఆ నేలలో ఇంకించడం మానుకోవాలి.

"గుంటే తవ్వేద్దాం మాస్టారూ, ఒక్కపూట పని" అన్నాడు మేస్త్రి, గునపం భుజానేసుకుని. గడియారం చూపించాను. 41 నిమిషాలు.