పెళ్లి క్యాసెట్టూ, చిట్టా పుస్తకమూ

చిరంజీవులు శ్రావ్యకూ, కార్తీక్‌కూ తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే డీవీ, ఎంపెగ్-2 అని రెండు ఫార్మాట్లు కనిపిస్తున్నాయనీ, చివరికి చేసేది డీవీడీయే కనుక నేరుగా ఎంపెగ్-2లోనే ఎక్కిస్తే పని తగ్గదా అనీ అడిగారు. కత్తెర వేయకపోతే తగ్గుతుంది. కానీ భోజనాల బంతిలో అరగంటసేపు విస్తళ్లనే చూపించిన భాగం తీసేస్తామని మీరే రాశారు కదా, చిక్కంతా అక్కడే.

చిన్నప్పుడు మా నాన్నగారి కిరాణా కొట్లో సాయంత్రం పూట చిట్టా రాయడం నా పని. ఒకే మనిషి పేరున వరుసగా పద్దులు పడితే మొదటిదానికి పేరు రాసి, కిందివాటికి ‘పైదే’ అని పెట్టేవాణ్ణి. ఒక వానాకాలం పడవ కోసం అందులోంచి ఒక కాగితం చింపాను. మర్నాడు చూస్తే తరువాతి పుట మొదట్లోనే ‘పైదే, బెల్లం వీశెడు’ అని ఉంది. ఆ పైవాడెవరో కాలవలో కొట్టుకుపోయాడు. నాకు దెబ్బలు పడ్డాయి, న్యాయంగానే.

ఎంపెగ్-2 అలాంటి చిట్టాయే. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. డీవీడీలో సాధారణంగా 12 నుంచి 15 బొమ్మలకు ఒక్కదాన్నే పూర్తిగా రాసి, మిగిలినవాటికి ఏం మారిందో అంతే రాస్తారు. కొన్ని బొమ్మలైతే రాబోయే పద్దును కూడా చూసుకోమంటాయి, దీనికి మా నాన్నగారు ఒప్పుకునేవారు కారు. రెండు గంటల పెళ్లి 4.7 గిగాబైట్ల డిస్కులో ఇమిడేది ఈ పొదుపు వల్లనే. మధ్యలో కోస్తే ‘పైదే’కు పైది ఉండదు, అక్కడి బొమ్మలను మళ్లీ కుదించి కట్టాలి, కట్టిన ప్రతిసారీ కొంత మసక చేరుతుంది. పైగా పాత టేపులో గింజగింజలుగా కదిలే మచ్చలు ప్రతి బొమ్మలోనూ మారిపోతుంటాయి కనుక ‘పైదే’ అనడానికి మిగిలేదీ తక్కువే.

డీవీ కూడా బొమ్మను కుదించేదే, అయితే ప్రతి బొమ్మకూ విడి పద్దు రాస్తుంది. గంటకు సుమారు 13 గిగాబైట్లు తింటుంది. తిననివ్వండి, కాగితం దగ్గర పిసినారితనం చేసినవాడి గతి పైన చదివారు. కోతలన్నీ అయ్యాక చివర ఒక్కసారే ఎంపెగ్-2 చేయండి.

ఈలోగా తలంబ్రాల దగ్గర ఆపి, ఒక్కొక్క బొమ్మే ముందుకు జరపండి. కదిలే చేతి అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. టీవీ బొమ్మంటే పైనుంచి కిందికి పేర్చిన అడ్డగీతలే; ఒక్కో బొమ్మలో సరి గీతలు ఒక క్షణానివీ, బేసి గీతలు సెకనులో 50వ వంతు ఎడంగా తీసినవీ. అంతలో మీ అమ్మ దోసిట్లోంచి బియ్యపు గింజ ఎంత దూరం పోయిందో చూసి, నాకు రాయండి.

ఇట్లు,
తాతయ్య