వలెన్సియా ఫాయాస్ పండగ: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్‌కి టూర్ గ్రూపుల్ని తీసుకెళ్ళడం నా పని. మార్చిలో వలెన్సియా అనగానే అందరూ అడిగేది ఒకటే: "టమాటాలు విసురుకునేది అక్కడేనా అండీ?" కాదండీ. ఆ టొమాతీనా జరిగేది ఆగస్టు ఆఖరి బుధవారం, బున్యోల్ అనే చిన్న ఊళ్ళో. మార్చిలో జరిగేది ఫాయాస్. వాడవాడలా పెద్ద పెద్ద బొమ్మల కట్టడాలు నిలబెట్టి, 19వ తేదీ రాత్రి తగలబెట్టేస్తారు. 2016లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది.

అపోహ: కాల్చేది 19న కదా, ఆ ఒక్కరోజు వెళ్తే చాలు.

మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పిది. నగరంలో దాదాపు 400 వాడ కమిటీలున్నాయి. ప్రతి కమిటీ పెద్ద బొమ్మొకటి, పిల్లల బొమ్మొకటి పెడుతుంది. 16 పొద్దుటికల్లా అన్నీ సిద్ధంగా ఉంటాయి, తీరిగ్గా చూడాల్సింది అప్పుడే. 17, 18 తేదీల్లో పూల సమర్పణ. పట్టు దుస్తుల్లో ఆడవాళ్ళు, ఆడపిల్లలు వాడలవారీగా నడిచొచ్చి మేరీమాతకు పూలగుత్తులు ఇస్తారు. అమ్మవారి విగ్రహానికి కట్టిన ఎత్తైన చెక్క చట్రం మీద ఎక్కి ఉన్నవాళ్ళు, కింద నుంచి విసిరిన గుత్తుల్ని పట్టుకుని వరుసగా గుచ్చుతుంటారు. రెండు రోజుల్లో అమ్మవారి పైవస్త్రం పూలతో తయారవుతుంది. నన్నడిగితే మంటకన్నా ఇదే చూడాలి.

అపోహ: మస్క్లెతా అంటే మన దీపావళి బాణసంచాయే.

మస్క్లెతా అంటే పట్టపగలు పేల్చే టపాసుల మోత. రంగులు చూద్దామని వెళ్తే నిరాశే. మార్చి 1 నుంచి 19 వరకు రోజూ మధ్యాహ్నం రెండింటికి, మిట్ట ఎండలో, మునిసిపల్ ఆఫీసు ముందున్న కూడలిలో కాలుస్తారు. వినడానికే తప్ప చూడటానికేమీ ఉండదు. నెమ్మదిగా మొదలై, డప్పు దరువు పెరిగినట్టు పెరిగి, చివర్లో గుండెలు అదిరిపోతాయి. ఆ ఆఖరి ఘట్టాన్ని వాళ్ళు 'భూకంపం' అనే పిలుస్తారు. మొత్తం అయిదారు నిమిషాలే. నోరు కాస్త తెరిచి ఉంచమని అక్కడివాళ్ళు చెబుతారు. గుండె జబ్బున్నవాళ్ళు, పసిపిల్లల తల్లులు రెండు వీధుల అవతలే ఆగడం మంచిది.

అపోహ: అంత కష్టపడి చేసి కాల్చేయడం శుద్ధ దండగ.

"అయ్యో, ఇంత చక్కటి బొమ్మని తగలేస్తారా నాయనా!" అని మా గ్రూపులో ఓ పెద్దావిడ నిజంగానే బాధపడ్డారు. పూర్వం వడ్రంగులు చలికాలం పోగానే పాత చెక్క దీపస్తంభాల్ని తగలేసేవారనీ, పండగ అలా పుట్టిందనీ అక్కడ చెప్పుకుంటారు. భోగి మంట ఎరిగినవాళ్ళం, మనకి అర్థం కానిదేముంది? పైగా ఆ బొమ్మల్లో చాలావరకు రాజకీయ నాయకుల మీద వెటకారమే. జనం ఓటేసి కాపాడిన బొమ్మ మాత్రం మంటల్లోకి వెళ్ళదు. 1934 నుంచి ఈ ఆనవాయితీ ఉంది. అలా బతికినవాటిని మ్యూజియంలో చూడొచ్చు. ఒక్క ఫిర్యాదుని మాత్రం కొట్టిపారేయలేను: ఇప్పటి బొమ్మల్లో థర్మాకోల్ ఎక్కువ, అది కాలితే నల్లటి పొగ.

అపోహ: అన్నిటికీ టికెట్టే.

వీధుల్లో తిరగడం, మస్క్లెతా, మంట అన్నీ ఉచితం. కొన్ని పెద్ద బొమ్మల దగ్గర కంచె లోపలికి వెళ్ళాలంటే కొద్దిగా తీసుకుంటారు.

అపోహ: శాకాహారులకి పస్తే.

వీధి చివర గుమ్మడికాయ బున్యువేలోస్ వేస్తుంటారు. పిండిని పిడికిట్లోంచి పిండి, బొటనవేలితో చిల్లు పెట్టి నూనెలోకి వదులుతారు. అచ్చం మన గారెలే! పంచదార అద్దుకుని, చిక్కటి వేడి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. పాయేయా అనే అన్నం వంటకం జోలికి మాత్రం వెళ్ళకండి, వలెన్సియాలో దాన్ని కోడి, కుందేలు మాంసంతో వండుతారు.

అపోహ: క్యాబ్ హోటల్ దాకా వస్తుంది.

ఇది నేనే నమ్మి దెబ్బతిన్నాను. మొదటిసారి 19 రాత్రికే బస్సు మాట్లాడాను. దారులన్నీ మూసేశారు. పద్నాలుగు మందిమి, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, కాలుతున్న బొమ్మల మధ్య నుంచి నలభై నిమిషాలు నడిచాం. ఓ వీధి మలుపులో ఫైరింజన్ వాళ్ళు చుట్టుపక్కల గోడలు తడుపుతుంటే, ఆ నీళ్ళు మా మీద కూడా పడ్డాయి. ఇప్పుడు తిరుగు ప్రయాణం 20 మధ్యాహ్నానికే వేస్తున్నాను.