మైక్ దగ్గర మొదలయ్యే గొడవ: ఆన్‌లైన్ ఆటల్లో ఆడా మగా వాదన వెనకున్న కథ

నెల్లూరు, ఒంగోలు కుర్రకారు ఆడే స్క్వాడుల్లో, అంటే ఆన్‌లైన్ ఆటలో కట్టే జట్లలో, ఈ సీను కొత్తదేమీ కాదు. ఎవరో అమ్మాయి మైక్ ఆన్ చేస్తుంది. "ఏందబ్బా, అమ్మాయా? నిజం అమ్మాయేనా, ఫేక్ ఐడీనా?" అంటాడు ఒకడు. "ఇన్‌స్టా ఐడీ చెప్పు" అంటాడు ఇంకొకడు. ఆమె నాక్ అయితే, అంటే ఆటలో దెబ్బ తిని పడిపోతే, "అమ్మాయిలతో ఆడితే ఇంతే" అని తేల్చేస్తాడు మూడోవాడు, రెండు నిమిషాల ముందు తనను లేపింది ఆమేనన్న సంగతి మర్చిపోయి. ఆమె ఎదురు చెబితే "ఫెమినిజం ఇక్కడొద్దు, గేమ్ ఆడు" అనేస్తారు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో తెల్లవార్లూ వాదన.

ఆ వాదనలో దొర్లే 'వోక్' (స్త్రీవాదం లాంటివి మాట్లాడేవాళ్లను వెక్కిరించే మాట) లాంటి మాటలు చాలావరకు అమెరికా గొడవల తాలూకు వీడియోల్లోంచి వచ్చినవి. అక్కడ తగువు ప్రధానంగా ఆటలు ఎవరి కోసం తయారవుతున్నాయన్న దాని మీద. ఇక్కడి తగువు అంతకంటే ముందు మెట్టు దగ్గర ఉంది: కుర్చీ ఎవరిది, ఫోన్ ఎవరిది, మైక్‌లో గొంతు ఎవరిది.

ముందు అక్కడి కథ. వీడియో గేములు పుట్టుకతోనే మగపిల్లలవి అన్నది వాస్తవం కాదు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌ను ఆడవాళ్లు కూడా ఆడాలనే ఉద్దేశంతో రూపొందించానని దాన్ని తయారుచేసిన తోరు ఇవతాని చెప్పాడు. అదే ఏడాది రాబర్టా విలియమ్స్ బొమ్మలతో కూడిన సాహస గేము మిస్టరీ హౌస్‌ను తెచ్చింది. 1982లో బాగా అమ్ముడుపోయిన రివర్ రెయిడ్‌ను రాసింది క్యారల్ షా. 1983లో అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. తర్వాత రెండేళ్లకు నింటెండో తన యంత్రాన్ని ఆటబొమ్మగా అమ్మకానికి పెట్టింది. అక్కడి బొమ్మల దుకాణాల్లో మగపిల్లల వరస వేరు, ఆడపిల్లల వరస వేరు. గేము మగపిల్లల వరసలోకి వెళ్లింది, ప్రకటనలూ వాళ్లకోసమే తయారయ్యాయి. 1984లో అమెరికా కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో 37 శాతం దాకా ఉన్న ఆడవాళ్ల వాటా కూడా ఆ తర్వాత పడిపోయింది. పదేళ్లు గడిచేసరికి దుకాణంలోని వరస ప్రకృతి ధర్మమైపోయింది.

అసలు మలుపు 2002 నవంబరు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్‌ను మొదలుపెట్టి, దాంతోపాటే హెడ్‌సెట్ ఇచ్చింది. అప్పటిదాకా ఆన్‌లైన్ ఆటల్లో ఎక్కువగా టైపు చేసుకునేవాళ్లు. పేరు మనం పెట్టుకున్నది, ఆడో మగో చెప్పాలనుకుంటేనే తెలిసేది. గొంతు అలా కాదు, నోరు విప్పగానే పట్టిస్తుంది.

ఈ తేడాను కొలిచినవాళ్లున్నారు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో హాలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన మాటలను వినిపించారు. కొన్ని ఆటల్లో మగ గొంతుతో, కొన్నిట్లో ఆడ గొంతుతో, కొన్నిట్లో మౌనంగా. మాటలు మాత్రం అవే, మామూలు పలకరింపులే. ఆడ గొంతుకు వచ్చిన చెడు స్పందనలు మిగతా రెంటితో పోలిస్తే మూడింతలు. 2015లో ప్లాస్ వన్ పత్రికలో ఆ పరిశోధకుల్లో ఒకరు ఇంకొకరితో కలిసి అదే సమాచారాన్ని ఇంకో కోణంలో చూశారు. ఆడ గొంతు మీద ఎక్కువగా విరుచుకుపడింది ఆటలో వెనకబడ్డవాళ్లు. బాగా ఆడేవాళ్లు ఆమెతో మర్యాదగానే ఉన్నారు. ఆ వెనకబడ్డవాళ్లే మగ గొంతు వినపడితే అణిగి ఉన్నారు. "బాగా ఆడితే ఎవడూ ఏమీ అనడు" అనే వాదనకు ఇంతకంటే సూటి జవాబు లేదనిపిస్తుంది. అనేవాడి ర్యాంకును బట్టి మాట మారుతోంది.

మరీ బాగా ఆడితే ఏమవుతుందో కొరియాలో తెలిసింది. 2016లో గెగురి అనే పేరుతో ఓవర్‌వాచ్ ఆడే పదిహేడేళ్ల అమ్మాయి గురి అంత కచ్చితంగా ఉండటం చూసి, చీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతోందని ప్రొఫెషనల్ ఆటగాళ్లే ఆరోపించారు. తమ మాట తప్పని తేలితే ఆట మానేస్తామని ఇద్దరు పందెం కట్టారు. ఆమె కెమెరా ముందు కూర్చుని చెయ్యి, మౌస్, తెర అన్నీ కనపడేలా ఆడి చూపించింది. పందెం కట్టిన ఇద్దరూ తప్పుకున్నారు. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టుతో ఓవర్‌వాచ్ లీగ్‌లో చేరిన మొదటి మహిళ అయింది. సరిగ్గా ఆడకపోతే "అమ్మాయి కదా", బాగా ఆడితే "హ్యాక్ కదా". మన లాబీల్లో, అంటే ఆటకు ముందు జట్టు చేరే చోట, వినపడేవీ ఈ రెండు మాటలే.

ఇక అమెరికాలో రేగిన 2014 గొడవ. అంతకు రెండేళ్ల ముందు అనీటా సర్కీసియన్ గేముల్లో స్త్రీ పాత్రలను ఎలా చూపిస్తున్నారో వీడియోలు చేస్తానని 6,000 డాలర్ల చందా అడిగింది. బెదిరింపులు వెల్లువెత్తాయి, వాటితోపాటే చందా 1,58,000 డాలర్లు దాటింది. 2014 ఆగస్టులో గేమర్‌గేట్ అనే ఆన్‌లైన్ గొడవ రేగింది. గేమ్ జర్నలిజంలో నీతి కోసమే మా పోరాటమని అందులో ఉన్నవాళ్లు అన్నారు. పత్రికలకూ కంపెనీలకూ మధ్య లాలూచీ ఉందా అని అడగడం తప్పేమీ కాదు. కాకపోతే గొడవకు మూలమైన ఆరోపణ, ఒక మహిళా డెవలపర్ సన్నిహితుడు ఆమె గేముకు అనుకూల సమీక్ష రాశాడన్నది. అసలు అలాంటి సమీక్షే లేదు. ఆ అక్టోబరులో కాల్పులు జరుపుతామని బెదిరింపు రావడం, సభలోకి తుపాకులు రాకుండా ఆపలేమని పోలీసులు చెప్పడంతో సర్కీసియన్ యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తన ప్రసంగాన్ని మానుకుంది. పెద్ద కంపెనీల లోపలి సంగతులు తర్వాత కోర్టుల దాకా వెళ్లాయి. లింగ వివక్ష కేసులో రాయట్ గేమ్స్ 2021 చివర్లో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

నెట్ సెంటరు నుంచి ఫోనుకు

2000ల్లో నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా నెట్ సెంటరంటే కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల గేము. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు, సెంటరులోని కంప్యూటర్లను కలిపే ల్యాన్ మీద కేకలు. పక్కనే ఎత్తు పలకలు కట్టిన క్యాబిన్లు. ఆ క్యాబిన్ల వల్లే నెట్ సెంటరుకు చెడ్డపేరు. ఆడపిల్లలు ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికో, దరఖాస్తు ప్రింటు తీసుకోవడానికో అన్నతోనో నాన్నతోనో వచ్చి పని కాగానే వెళ్లేవాళ్లు. 2011లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చి పలకలు నాలుగున్నర అడుగులు మించకూడదని, వచ్చినవాళ్ల గుర్తింపు రాసుకోవాలని చెప్పింది. అప్పటికే కౌంటర్ స్ట్రైక్ ఒక తరం మగపిల్లల చేతికి అలవాటైపోయింది. మౌస్ మీద చెయ్యి తిరగడానికి పట్టే వందల గంటలు వాళ్లకు దొరికాయి, వాళ్ల అక్కచెల్లెళ్లకు దొరకలేదు. "అమ్మాయిలకు గేమింగ్ మీద ఆసక్తి ఉండదు" అనే మాట ఆ లెక్క చూడకుండా అనేది.

2016 సెప్టెంబరు 5న జియో, 2018లో పబ్‌జీ మొబైల్ అనే తుపాకుల గేము వచ్చాక కుర్చీ సమస్య తీరింది. ఫోన్ సమస్య తీరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019–21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది, ఏడాదికి అదీ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది.

అమ్మాయి మైక్ ఆఫ్ చేసుకుని ఆడటానికి కారణం లాబీ ఒక్కటే అనుకుంటారు. ఇల్లు రెండో కారణం. హాల్లో కూర్చుని "285లో స్క్వాడ్ ఉంది, పొగ వెయ్యి" అని అరిస్తే వంటింట్లోంచి "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అని వస్తుంది. అదే పని తమ్ముడు చేస్తే "కాస్త మెల్లగా అరవరా" అంటారు. ర్యాంకు ఆటలో తెర పైనున్న దిక్సూచి డిగ్రీలు చూసి నోటితో చెప్పడం సగం బలం. మైక్ లేని ఆటగత్తె చూసిన శత్రువు సంగతి జట్టుకు ఆలస్యంగా తెలుస్తుంది, జట్టు ఓడుతుంది, "మైక్ లేనివాళ్లను కిక్ చెయ్యండి" అంటారు. ఈ చిక్కును కొంత విప్పింది గుర్తు పెట్టే పద్ధతి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్‌లో శత్రువునో తుపాకినో చూసి ఒక్క మీట నొక్కితే పాత్రే ఆ మాట పలుకుతుంది. నోరు విప్పక్కర్లేదు. బీజీఎంఐలోనూ చోటు చూపించే మార్కర్, ముందే రాసిపెట్టిన మాటల క్విక్ చాట్ ఉన్నాయి. క్విక్ చాట్ చక్రంలో అక్కరలేని పలకరింపులు తీసేసి "శత్రువు ముందున్నాడు", "మందులు కావాలి", "వెనక్కి రండి" పెట్టుకుంటే చాలావరకు గడుస్తుంది.

"ఈ స్త్రీవాదం విదేశీ సరుకు" అనే మాట నెల్లూరు జిల్లాలో అంటే నవ్వొస్తుంది. పొణకా కనకమ్మ 1923లోనే నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు అక్షరదీపం చదువుల్లోంచి లేచి సారా దుకాణం మీదికి నడిచింది 1990ల మొదట్లో. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమలైంది. 1980ల్లో స్త్రీవాద కవిత్వం వస్తే 'నీలి కవిత్వం' అని వెక్కిరించిన పెద్దలూ తెలుగువాళ్లే కాబట్టి, వెక్కిరింపునూ దిగుమతి చేసుకోనక్కర్లేదు.

"తిట్లు అందరికీ పడతాయి, వాళ్లకొక్కరికేనా?" అన్నది ఇంకో వాదన. పడతాయి. మగవాణ్ని నూబ్ (ఆట చేతకానివాడు) అని తిడితే అది ఆట మీద, తర్వాతి ఆట గెలిస్తే పోతుంది. ఆడగొంతు మీద పడేది ఆటతో సంబంధం లేని తిట్టు, గెలిచినా పోదు. పైగా మగవాణ్ని తిట్టేటప్పుడు కూడా వాడి అమ్మనూ అక్కనూ లాగుతారు, ఆ మాట మైక్ ఆఫ్ చేసుకున్న అమ్మాయి వింటూనే ఉంటుంది. ఆడవాళ్లకు విడిగా టోర్నమెంట్ ఎందుకన్న ప్రశ్నకు తుపాకుల గేము వాలొరంట్‌లో 2021లో మొదలైన మహిళల పోటీ గేమ్ ఛేంజర్స్ ఉదాహరణ. అందులో ఆడేవాళ్లకు ప్రధాన పోటీల తలుపు మూయలేదు. జట్టుగా సాధన చేసే చోటు మాత్రం అదనంగా దొరికింది.

తిట్టేవాళ్లంతా దుర్మార్గులేనా? లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమును నడిపేవాళ్లు చాట్‌లను పరిశీలిస్తే దుర్భాషలో ఎక్కువ భాగం ఎప్పుడో ఒకసారి నోరు జారే మామూలు ఆటగాళ్ల నుంచే వచ్చిందని తేలింది. ఎదుటి జట్టుతో చాట్‌ను మొదట్లోనే ఆపేసి, కావాలన్నవాళ్లు ఆన్ చేసుకునేలా మార్చారు. చాట్ వాడకం తగ్గలేదు, దుర్భాష దాదాపు మూడో వంతు తగ్గింది. మనసు మార్చే ఉపన్యాసాల కంటే ఇలాంటి మీట మార్పే ముందు చెయ్యదగ్గ పని.

గ్రూపు నడిపేవాళ్ల చేతిలో ఉన్నవి

ఆటగాళ్లు గ్రూపులుగా మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ సర్వర్లలో ఆటోమాడ్ అనే వడపోత ఉంది. తెలుగు గ్రూపుల్లో అది ఎక్కువగా బెడిసికొడుతుంది. మన తిట్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కడు ఒక్కో స్పెల్లింగుతో రాస్తాడు: అచ్చు ఒకటి పెంచుతాడు, మధ్యలో చుక్క పెడతాడు. ఒక్క రూపం పెట్టి వదిలేస్తే వడపోత ఉన్నా లేనట్టే. అలాగని తిట్టు ముక్కకు రెండు వైపులా నక్షత్రం గుర్తు పెడితే ఆ ముక్క లోపల ఉన్న మామూలు మాటలూ ఆగిపోతాయి, జనం విసుగెత్తి తీసేయమంటారు. పాత చాట్ తిరగేసి నిజంగా వాడిన రూపాలను ఎక్కించడం, మొదటి వారం ఆపకుండా అడ్మిన్లకు హెచ్చరిక మాత్రమే వచ్చేలా పెట్టడం మేలు. తప్పు చేసినవాణ్ని టైమ్‌అవుట్‌లో 28 రోజుల దాకా మాట్లాడనివ్వకుండా ఉంచొచ్చు. వెంటనే బ్యాన్ చేస్తే కొత్త ఐడీతో వస్తాడు. వెరిఫికేషన్‌ను అత్యున్నత స్థాయిలో పెడితే ఫోన్ నంబరు నిర్ధారించిన ఖాతాలే మాట్లాడగలవు, అప్పుడు కొత్త ఐడీ అంత తేలిక కాదు.

వాట్సాప్ గ్రూపుల్లో జరిగే పొరపాటు వేరు. అడ్మిన్ మంచి మనసుతో బూతు మెసేజీని అందరికీ డిలీట్ చేసేస్తాడు, ఫిర్యాదు చేయాలంటే ఆధారం ఉండదు. ముందు నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయాలి, ఆ తర్వాతే డిలీట్. గేములో అయితే పేరు తీసుకుంటే లాభం లేదు, రీనేమ్ కార్డుతో నిమిషంలో మారుతుంది. ప్రొఫైల్‌లో ఉండే అంకెల ఐడీ మారదు, అది తెర మీద కనపడాలి. మాటలకు స్క్రీన్ రికార్డింగే ఆధారం, అదీ లోపలి శబ్దం రికార్డయ్యేలా పెట్టి ఉంటేనే. రికార్డు చేసిన ఫోన్‌ను రీసెట్ చేయకూడదు. కోర్టుకు వెళితే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రానికి అసలు ఫోన్ అవసరమవుతుంది.

మహిళ గౌరవాన్ని కించపరిచే మాటలు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 79 కిందికి, వద్దన్నా వెంటపడి మెసేజీలు పెట్టడం సెక్షన్ 78 కిందికి వస్తాయి. మొదటి నేరానికి రెండింట్లోనూ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. తిట్టినవాడు ఏ ఊళ్లో ఉన్నా, ఆమె దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, డబ్బు పందాలను నిషేధించింది. మైక్‌లో తిట్టినవాడి మీదికి వెళ్లడానికి ఇప్పటికీ పాత దారులే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఓటీపీ కావాలి. సిమ్ నాన్న పేరిట, ఫోన్ నాన్న జేబులో ఉన్న ఇంట్లో అది నాన్నకు చెప్పి చేయాల్సిన పనే. లైంగికంగా అసభ్యమైన బొమ్మలు, వీడియోల విషయంలో మాత్రం పేరు, నంబరు లేకుండా ఫిర్యాదు చేసే వీలుంది. అలా చేస్తే ఆ ఫిర్యాదు ఏమైందో తర్వాత చూసుకునే దారి ఉండదు.